కాలేజీనే మొదట అనుమానించండి: డార్క్ అకాడెమియా గోథిక్ మిస్టరీ నవల చదివే పద్ధతి

రాతి గోడల కాలేజీ. అర్ధరాత్రి దాటినా దీపాలు ఆరని లైబ్రరీ. కొద్దిమందికే తలుపు తెరిచే రహస్య సంఘం. ఆ కొద్దిమందిలో ఒకరి శవం. శవం పక్కన, విద్యార్థులెవరూ ముట్టుకోకూడని ఒక పుస్తకం. గోథిక్ (పాత కట్టడాలు, రహస్యాలు, భయం చుట్టూ అల్లే కథలు), ఫాంటసీ, మిస్టరీ కలగలిసిన ఇలాంటి ఇంగ్లిష్ నవలల్ని డార్క్ అకాడెమియా అంటున్నారు, అవి మన ఇళ్లలోకి కూడా వచ్చేశాయి. అయితే సరదాపడి కొని, వంద పేజీల దగ్గర పక్కన పెట్టేసినవాళ్లు చెన్నైలో నాకు తెలిసిన తెలుగు పాఠకుల్లోనే చాలామంది ఉన్నారు. అందరిదీ దాదాపు ఒకటే మాట. పేర్లు కలిసిపోతున్నాయి, లాటిన్ ముక్కలు అర్థం కావు, కథ కదలదు, ఇది దెయ్యం కథో డిటెక్టివ్ కథో తేలదు.

మన ఇంగ్లిష్ చాలదేమో అనుకుని వదిలేస్తారు. నాకు మాత్రం ఇబ్బంది చదివే తీరులో ఉందనిపిస్తుంది. థ్రిల్లర్ చదివేటప్పుడు మనుషుల్ని ఒక్కొక్కరినీ అనుమానిస్తూ పోతాం. ఈ రకం నవలలో ముందు అనుమానించాల్సింది ఆ విద్యాసంస్థని. అక్కడ నేర్పే విద్య ఖరీదెంత, ఆ ఖరీదు ఎవరిచేత కట్టిస్తున్నారు? ఈ ప్రశ్న చేతిలో ఉంటే నెమ్మదిగా సాగే పేజీలు కూడా పనికొస్తాయి.

1. కొనేముందు

మొదట చూడాల్సింది అది ఒక్క పుస్తకంతో అయిపోతుందా, సిరీస్‌లో భాగమా అని. ఫాంటసీలో సిరీస్‌లు మామూలే. మొదటి భాగం హంతకుణ్ని పట్టిచ్చి, అసలు రహస్యాన్ని రెండో భాగానికి దాచుకోవచ్చు. ఇది ముందే తెలిస్తే చివర్లో మోసపోయామని అనిపించదు. ఈ రకం నవల మీకు ఇదే మొదటిదైతే ఒక్క పుస్తకంతో ముగిసేదే తీసుకోండి.

రెండోది, ఇంట్లో పిల్లలకి కొనేవాళ్లు గట్టిగా పట్టించుకోవాల్సింది. అట్ట మీద కొవ్వొత్తులు, పాత పుస్తకాలు ఎంత అందంగా ఉన్నా లోపల ఆత్మహత్య, డ్రగ్స్, లైంగిక హింస లాంటివి ఉండొచ్చు. కొన్ని పుస్తకాల్లో మొదటి పేజీల్లోనే హెచ్చరిక ఉంటుంది. లేకపోతే చదివినవాళ్లని అడగండి. మనసు బాగోలేని రోజుల్లో ఇలాంటి పుస్తకం ఆపేస్తే తప్పేం లేదు.

పాత్రల పేర్లు మాత్రం ఇంటర్నెట్‌లో వెతకొద్దు. సెర్చ్ బాక్స్‌లో సగం పేరు కొట్టగానే ఎవరు చచ్చిపోతారో అదే చెప్పేస్తుంది. కిండిల్‌లో చదివేవాళ్లు డిక్షనరీ ధారాళంగా వాడుకోండి, పాత్రల వివరాలు చూపించే ఎక్స్-రే జోలికి మాత్రం పుస్తకం అయ్యేదాకా పోవద్దు. ఒక పాత్ర కథలో ఎంత దూరం వస్తుందో అక్కడ కనిపించిపోతుంది.

2. ఏ కుటుంబానికి చెందిన కథ ఇది

ఇక్కడ కొంచెం చరిత్ర తెలిస్తే చదవడం చాలా తేలికవుతుంది. ఇంగ్లిష్‌లో గోథిక్ నవల హొరేస్ వాల్‌పోల్ 1764లో తెచ్చిన ‘ది కాజిల్ ఆఫ్ ఒట్రాంటో’తో మొదలైందంటారు. మొదటి ముద్రణలో ఆయన తన పేరు వేసుకోలేదు. పాత ఇటాలియన్ గ్రంథానికి అనువాదమని నమ్మబలికాడు. 1765లో వచ్చిన రెండో ముద్రణలో అది తన రచనేనని ఒప్పుకుని, ‘గోథిక్ కథ’ అని ఉపశీర్షిక పెట్టాడు. అంటే దొంగ పత్రం ఈ సంప్రదాయానికి పుట్టుకతోనే వచ్చింది. మీ నవలలో ఎక్కడైనా పాత డైరీ, ఉత్తరం, చిరిగిన పేజీ కనబడితే అది నిజమైనదేనా అని వెంటనే అడగండి.

ఆ తర్వాత 1790లలో దారి రెండుగా చీలింది. ఆన్ రాడ్‌క్లిఫ్ నవలల్లో భూతంలా కనిపించినదానికి సాధారణంగా చివరికి మామూలు కారణమే బయటపడుతుంది. మాథ్యూ లూయిస్ 1796లో రాసిన ‘ది మాంక్’లో దెయ్యాలు నిజంగానే ఉంటాయి. నేటి నవల కూడా ఈ రెండు దారుల్లో ఎటు పోతోందో చాలాసేపు చెప్పదు. ఆ ఊగిసలాటే ఇలాంటి కథలకి ప్రాణమని విమర్శకుడు త్స్వెతాన్ తొదొరోవ్ 1970లో ఒక పుస్తకమే రాశాడు. కాబట్టి ‘ఇది దెయ్యమా, మనిషి పనా’ అని తేలకపోవడం మీ లోపం కాదు, రచయిత కావాలని పెట్టింది.

మిస్టరీ వైపు నుంచి చూస్తే ఇంకో చిక్కుంది. 1929లో రొనాల్డ్ నాక్స్ డిటెక్టివ్ కథలకి పది నియమాలు రాశాడు. అతీత శక్తులు ఉండకూడదనేది అందులో ఒకటి. రహస్య గది గానీ దారి గానీ ఒకటికి మించకూడదనేది ఇంకొకటి. మన నవల ఈ రెండిటినీ మొదటి అధ్యాయంలోనే తుంగలో తొక్కేస్తుంది. మరి పాఠకుడితో న్యాయంగా ఆడటం ఎలా? మంత్రవిద్యకే కచ్చితమైన నియమాలు పెట్టి, వాటిని ముందుగానే మన కళ్లముందు ఉంచడం ద్వారా. దీని గురించి కిందికి వచ్చాక చెప్తాను.

డార్క్ అకాడెమియా అనే పేరు టంబ్లర్ అనే బ్లాగుల సైట్‌లో పుట్టి, 2020 లాక్‌డౌన్‌లో టిక్‌టాక్, ఇన్‌స్టాగ్రామ్‌ల మీద బాగా పాకింది. నవలల్లో మాత్రం దానికి మూలంగా అందరూ చూపించేది డోనా టార్ట్ 1992లో రాసిన ‘ది సీక్రెట్ హిస్టరీ’. అందులో హత్య సంగతి మొదటి పేజీల్లోనే చెప్పేస్తారు. ఎవరు చేశారన్నదాన్ని పక్కకి నెట్టి, ఎందుకు చేశారన్నదే పుస్తకమంతా నడుస్తుంది. ఈ రకంలో హంతకుడి పేరు తొందరగా తెలిసిపోతే కంగారుపడొద్దు.

3. ఒక సాయంత్రం శాంథోమ్ వెళ్లి రండి

ఇది పుస్తకానికి సంబంధం లేని పనిలా కనిపిస్తుంది గానీ, వర్ణనలు విసుగనిపించేవాళ్లకి నేను మొదట చెప్పేది ఇదే. ఈ నవలల్లో గది వర్ణన ఉత్తి అలంకారం కాదు. ఎవరు ఎక్కణ్నుంచి వచ్చారు, ఎవరికి ఏం కనబడింది, శబ్దం ఎటు నుంచి వినిపించింది అన్నవి అన్నీ అందులోనే ఉంటాయి. ఆ కట్టడాన్ని ఎప్పుడూ చూడకపోతే కంటికి ఆనదు, చేయి పేజీ తిప్పేస్తుంది.

చెన్నైలో ఉన్నవాళ్లకి ఆ ఇబ్బంది అక్కర్లేదు. శాంథోమ్ చర్చి ఇప్పుడున్న రూపంలో 1896లో పూర్తయింది, నియో-గోథిక్ శైలి, అంటే మధ్యయుగపు యూరప్ చర్చిల తీరుని మళ్లీ తెచ్చినది. లోపలికి వెళ్లి ముందు కిటికీలు చూడండి. పైకి పోయేకొద్దీ మొనదేలే కమానులు, రంగు అద్దాలు. తల ఎత్తి చూస్తే చూపు తనంతట తానే పైకి పోతుంది. మనిషిని చిన్నగా చేసి చూపించడం ఆ శైలి చేసే పని. తర్వాత కింద ఉన్న సెయింట్ థామస్ సమాధి మందిరానికి మెట్లు దిగండి. నవలలో ‘క్రిప్ట్’ అని వచ్చే చోటు ఇదే, చర్చి నేల కింద ఉండే సమాధి గది. అది భక్తులు ప్రార్థన చేసుకునే చోటు కాబట్టి ఫొటోల హడావిడి లేకుండా రండి. పైన వెలుతురు, కింద చనిపోయినవాళ్లు, మధ్యలో మెట్లు. గోథిక్ నవలల్లో కథ తరచూ ఈ మూడింటి మధ్యే తిరుగుతుంది.

మెరీనాలోని మద్రాస్ విశ్వవిద్యాలయం సెనేట్ హౌస్ కూడా చూడదగ్గదే. రాబర్ట్ చిషోమ్ కట్టిన ఆ భవనం 1879లో పూర్తయింది, అయితే అది ఇండో-సారసెనిక్, అంటే భారతీయ, ఇస్లామిక్, యూరప్ తీరులు కలిసిన శైలి. గోథిక్ అనుకోకండి. పాత విశ్వవిద్యాలయం అంటే ఎలా ఉంటుందన్న ఊహకి మాత్రం బాగా పనికొస్తుంది. కాలేజ్ రోడ్డులో మద్రాస్ లిటరరీ సొసైటీ ఉంది. 1812లో మొదలైన సంస్థ. కప్పుదాకా పుస్తకాలు పేర్చిన ఆ అరల మధ్య ఒక్కసారి నిలబడితే లైబ్రరీ సీన్లు ఇక మీకు దాటవేయాలనిపించవు.

ఇంకో చిన్న సంగతి. నవలల్లో సాయంత్రం క్లాసు అయ్యేసరికే చీకటి పడిపోయి ఉంటుంది. మనకది అతిశయోక్తిలా అనిపిస్తుంది. డిసెంబర్‌లో ఆక్స్‌ఫర్డ్‌లో నాలుగు కాకముందే సూర్యాస్తమయం, చెన్నైలో ఇంచుమించు ఐదూ నలభై ఐదుకి. అక్కడ అక్టోబర్‌లో మొదలయ్యే టర్ముని మైకేల్మస్ అంటారు. ఆ పేరు కనబడితే రోజులు కుదించుకుపోతున్నాయని గుర్తుపెట్టుకోండి. ఎవరో ‘సాయంత్రం ఐదింటికి అతన్ని స్పష్టంగా చూశాను’ అంటే, ఆ వెలుగు ఎక్కడిదని అడగొచ్చు.

4. మొదటి అరవై పేజీలూ నోట్‌బుక్‌తో

ఈ భాగం ఒకే రోజు కూర్చుని చదవడం మంచిది. మెట్రోలో రెండేసి పేజీలు చదివితే పేర్లు నిలవవు. ప్రతి తెలియని మాటకీ ఆగొద్దు. లాటిన్ వాక్యం వస్తే దాని అర్థం కంటే, దాన్ని ఎవరు ఎవరి ముందు అన్నారో చూడండి. పక్కవాడికి అర్థం కాకూడదనే అన్నారా? ఆ గదిలో నవ్వనివాడు ఎవరు?

నోట్‌బుక్‌లో మనుషులకి ఒక పేజీ. పేరుతోపాటు అతన్ని ఎవరు ఏమని పిలుస్తున్నారో కూడా రాయండి. ఒకే మనిషిని ప్రొఫెసర్ ఇంటిపేరుతో, స్నేహితుడు ముద్దుపేరుతో, సంఘం ఇంకేదో బిరుదుతో పిలుస్తారు. పేర్లు కలిసిపోవడానికి అసలు కారణం ఇదే. ఇంకో పేజీలో మీరే ఒక మ్యాప్ గీయండి, పుస్తకంలో ముద్రించిన మ్యాప్ ఉన్నా సరే. లైబ్రరీకి ఎన్ని తలుపులు, హాస్టల్ నుంచి చాపెల్‌కి (కాలేజీలోని ప్రార్థన మందిరం) దారి ఎటు అని. గీస్తున్నప్పుడు ఏదో ఒకచోట గీత అతకదు. ఆ అతకని చోట పెన్సిల్‌తో గుండ్రం చుట్టి పెట్టుకోండి. మూడో పేజీ మంత్రవిద్య నియమాలకి. నాలుగోది డబ్బుకి. అది దేనికో తర్వాత చెప్తాను.

నోట్స్ అందంగా ఉండక్కర్లేదు, తెలుగులోనే రాసుకోండి. మన మాటల్లో రాసిన అనుమానం మనకి ఎక్కువకాలం గుర్తుంటుంది.

5. ఒక పేరాని దగ్గరగా చూడటం

ఏ పుస్తకాన్నీ బయటపెట్టకుండా ఉండేందుకు మచ్చుకి ఒక పేరా నేనే రాస్తున్నాను.

“పడమటి హాల్లో ఏడు బల్లలున్నాయి. ఆరింటి మీద దీపాలున్నాయి. ఏడోదాని దగ్గర ఎవరూ కూర్చోరు. ఎందుకని అడిగితే, అక్కడ చలిగాలి కొడుతుందని లైబ్రేరియన్ చెప్పాడు. ఆ రాత్రి నేను వెళ్లేసరికి ఆ బల్ల మీద సిరా ఇంకా తడిగానే ఉంది.”

థ్రిల్లర్ అలవాటుతో చదివితే కన్ను సిరా మీదకి పోతుంది. ఎవరో ఇప్పుడే వెళ్లారు, అంతే. మిగతా వాక్యాల దగ్గర కూడా ఆగుదాం. చలిగాలి అన్నాడు, మరి ఆ గోడకి కిటికీ ఉందా? మీ మ్యాప్ తీసి చూడండి. లేకపోతే లైబ్రేరియన్ అబద్ధం చెప్పాడు, లేదా గోడ వెనక దారి ఉంది, లేదా ఆ చలి మనిషికి సంబంధించింది కాదు. మిస్టరీ, గోథిక్, ఫాంటసీ మూడు జవాబులూ ఒకే వాక్యంలో కూర్చున్నాయి. మూడూ రాసుకోండి, ఒకదాన్ని తొందరపడి కొట్టేయొద్దు. దీపం లేని బల్ల మీద ఎవరైనా రాశారంటే చీకట్లో రాయగలిగినవాడై ఉండాలి, లేదా దీపం వెంట తెచ్చుకుని ఉండాలి. చివరిగా, ‘ఆ రాత్రి నేను వెళ్లేసరికి’. రాత్రి లైబ్రరీ మూసి ఉంటే ఈ కథకుడు లోపలికి ఎలా వెళ్లాడు? తాళంచెవి ఎక్కడిది? ‘నేను’ అని కథ చెప్పేవాడు ఈ రకం నవలల్లో చాలాసార్లు తన విషయంలోనే ఏదో దాస్తాడు. మిగతావాళ్ల గురించి ఎంత వివరంగా చెప్తున్నాడో, తన గురించి ఎక్కడ మాట మారుస్తున్నాడో గమనించండి.

ప్రతి పేరానీ ఇలా చదవక్కర్లేదు. అధ్యాయానికి ఒకటి చాలు. చిన్న విషయానికి ఎవరైనా మరీ తేలికైన కారణం చెప్పిన చోటు ఎంచుకోండి.

6. మంత్రానికి నియమం, నియమానికి ఖరీదు

ఈ పాఠం మనకి చిన్నప్పుడే అయిపోయింది. మాయల ఫకీరు ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉందని కథలో చెప్పేస్తారు. ఆ మాట తెలిశాక చిలక దొరికితే ఫకీరు చస్తాడన్నది మోసం కాదు, న్యాయం. ఈ నవలల్లో కూడా చిలక ఎక్కడో ముందే కనిపిస్తుంది. సాధారణంగా క్లాసులో, అందరూ విసుక్కునే ఒక పాఠంలో.

కాబట్టి పాఠాల సీన్లు దాటేయొద్దు. ప్రొఫెసర్ ఏదైనా ‘ఎప్పటికీ సాధ్యం కాదు’ అంటే నియమాల పేజీలో రాసి, పక్కన ఎవరన్నారో కూడా రాయండి. పాఠం చెప్పే మనిషికే ఆ నియమం తప్పని తెలిసి ఉండొచ్చు. ప్రతి మంత్రానికీ పడే ఖరీదు కూడా రాయండి. రక్తమా, జ్ఞాపకమా, ఆయుష్షా, ఇంకొకరి ప్రాణమా? ఎవరైనా ఖరీదు కట్టకుండా మంత్రం వేసినట్టు కనిపిస్తే, ఇంకెవరో కట్టారన్నమాట. చాలాసార్లు హత్య రహస్యం అక్కడే బయటపడుతుంది.

7. డబ్బు పేజీ

నేను అన్నిటికంటే ముఖ్యమనుకునేది ఇదే. కాలేజీకి ఆ భవనాలు ఎవరిచ్చారు? గోడ మీద పటంలో ఉన్న దాత దేనితో సంపాదించాడు? స్కాలర్‌షిప్ మీద వచ్చిన కుర్రాడు ఎవరు, అతనికి ఏ తలుపులు తెరుచుకోవు? గదులు ఊడ్చేవాళ్లకి నవలలో పేర్లున్నాయా? ఈ జవాబులన్నీ ఒక పేజీలో పడేస్తూ పోండి.

మద్రాసులో ఉన్నవాళ్లకి ఇది దూరపు విషయం కానే కాదు. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయం పేరు ఎలైహు యేల్‌ది. ఆయన 1687 నుంచి 1692 వరకు ఇక్కడి ఫోర్ట్ సెయింట్ జార్జ్‌కి గవర్నర్. ఆయన పెళ్లి 1680లో కోటలోని సెయింట్ మేరీస్ చర్చిలోనే జరిగింది. పసివాడిగానే పోయిన కొడుకు డేవిడ్‌కి సమాధి కట్టింది హైకోర్టు పక్కన, తర్వాత లా కాలేజీ వెలిసిన స్థలంలో. పదవిని అడ్డం పెట్టుకుని సొంతానికి సంపాదించుకున్నాడన్న ఆరోపణల మీద ఈస్ట్ ఇండియా కంపెనీ ఆయన్ని తీసేసింది. ఆయన రోజుల్లో ఈ రేవు నుంచి బట్టలతోపాటు బానిసల్ని కూడా ఓడలెక్కించారు. ఇంగ్లండ్ వెళ్లిపోయాక 1718లో కనెక్టికట్‌లోని ఒక చిన్న కాలేజీకి తొమ్మిది బేళ్ల సరుకు, 417 పుస్తకాలు, రాజుగారి పటం పంపాడు. సరుకు అమ్మితే 560 పౌండ్ల పైచిలుకు వచ్చింది. కాలేజీకి ఆయన పేరు పెట్టారు. బానిసత్వంతో తనకున్న పాత సంబంధాలకి ఆ విశ్వవిద్యాలయం 2024లో క్షమాపణ చెప్పింది.

ఆ కాలపు మద్రాసులో కంపెనీకి బట్ట సమకూర్చిన పెద్ద వర్తకుల్లో తెలుగువాళ్లున్నారు. నేసినవాళ్లలోనూ ఉన్నారు. అందుకే ఏ నవలలోనైనా రాతి కాలేజీ, దాత పటం కనబడితే నేను ఆ పటం కిందున్న తేదీ చూస్తాను. రచయిత మనసులో ఇది ఉండి ఉంటే మంత్రవిద్య ఖరీదుకీ, ఆ దాత సంపాదనకీ పోలిక తప్పకుండా కనిపిస్తుంది. రెండు చోట్లా దూరంగా ఉన్న, పేరు లేని ఎవరో కట్టి ఉంటారు. ఆ పోలిక దొరికిందంటే నవల మీకు చేజిక్కినట్టే. దొరకకపోతే ఆ పుస్తకంలో కొవ్వొత్తులూ ఓవర్‌కోట్లూ తప్ప ఇంకేమైనా ఉందా అని అడిగే హక్కు మీకుంది.

8. మధ్యలో, చివర్లో

సగానికి వచ్చాక పుస్తకం మూసి, హంతకుడెవరు, కారణమేంటి, మంత్రమా మనిషా అని మూడు ముక్కలు రాసి తేదీ వేయండి. తర్వాత మార్చొద్దు. ఇక్కణ్నుంచి నోట్స్ తగ్గించండి. ఆఖరి నూరు పేజీలైతే నోట్‌బుక్ పక్కన పెట్టేసి చదవాల్సిందే. అప్పుడు కూడా రాస్తూ కూర్చుంటే భయం పోతుంది, భయపడటానికే కదా చదివేది. ఈశాన్య రుతుపవనాల వాన పడే నవంబర్ రాత్రి దొరికితే మరీ మంచిది. మే నెల ఎండలో మంచు కాలేజీని ఊహించుకోవడం కొంచెం కష్టమే.

తోడు చదివేవాళ్లుంటే ఒకటే నియమం పెట్టుకోండి: మాట మొదలుపెట్టేముందు పేజీ నంబర్ చెప్పుకోవాలి. నాకు ఈ నవలలు అలవాటు చేసిన మా మేనకోడలు ఫోన్ చేయగానే “అత్తా, ఎన్నో పేజీ?” అని అడిగాకే ఊపిరి పీలుస్తుంది. వెనకబడినవాళ్లు ఉన్న పేజీ దాటి ఎవరూ మాట్లాడకూడదు. అనుమానాలు చెప్పుకోవచ్చు, ‘ముందు చూడు’ అన్న మాట మాత్రం నిషిద్ధం. అది కూడా కథ చెప్పేసినట్టే.

పుస్తకం అయిపోయాక అదే వారంలో మొదటి అధ్యాయం మళ్లీ చదవండి. నోట్‌బుక్ పక్కనే పెట్టుకోండి. మ్యాప్‌లో గుండ్రం చుట్టిన చోటు, తేలికైన కారణం చెప్పిన మనిషి, సాధ్యం కాదన్న ప్రొఫెసర్, వీటిలో ఎన్ని నిలబడ్డాయో సరిచూడండి. రచయిత న్యాయంగా ఆడారా లేదా అన్నది అక్కడ తేలిపోతుంది. ఆడి ఉంటే సిరీస్‌లో రెండో భాగం కొనొచ్చు. మొదటి భాగం నోట్స్‌లో నియమాల పేజీ, డబ్బు పేజీ చింపకుండా దాచుకోండి, రెండో భాగం వచ్చేసరికి ముందుగా అవసరపడేవి అవే.